రెండోవాడికి పేరు పెట్టబోతున్న మా శ్రీనుకి

పర్లాకిమిడి నుంచి

చిరంజీవి శ్రీనుకి చినతాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. నా మోకాళ్ల సంగతి మాత్రం అడగొద్దు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. రెండోవాడి ఫొటో కూడా పంపాడు. అద్దాలు పెట్టుకుని దగ్గరగా చూశానురా, ఆ చెవి తమ్మె అచ్చం మా అన్నయ్యదే. కడుపు నిండిపోయింది. ఆ వెంటనే మీ నాన్న, పేరు కూడా ఖాయమైపోయింది చిన్నాన్నా, పెద్దాడు సాత్విక్ కదా, వీడు సాత్విన్ అన్నాడు. పైగా విశాఖపట్నంలో ఎవరో సంఖ్యాశాస్త్రం ఆయన ఇంగ్లీషులో 'ఏ' రెండుసార్లు రాయమన్నాడట. ఆయనకెంత సమర్పించుకున్నావో చెప్పకు, వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే తాతా" అనేసి నీ పని నువ్వు చేసుకుపోతావు. అందుకని పొద్దున్నే కాగితం పట్టుకున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదవ్వాలి. ఆసుపత్రివాళ్లే పంపుతారు, అయినా వెళ్లి కనుక్కో. పేరు తేలకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యి, కొంపేం మునగదు. ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల దాకా చేర్పించుకోవచ్చు. ఒకసారి రాయించాక దిద్దించడమే కష్టం. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడికైనా, ఆధార్‌కైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా ఆ జనన ధ్రువపత్రమే మూలం.

నక్షత్రం చూసి పంతులుగారు అక్షరం చెబుతారు. దానికీ కంగారు పడకు. ఆరుద్రకి కు, ఘ, ఙ, ఛ అంటారు. మూడో పాదంలో పుట్టినవాణ్ణి 'ఙ'తో ఏమని పిలుస్తాం? అందుకే జన్మనామం చెవిలో చెప్పి, వ్యవహారానికి వేరే పేరు పెట్టుకోమని పెద్దవాళ్లే దారి చూపించారు. బారసాల 21వ రోజున పెట్టుకో. మీ పక్కింటి ఒడియావాళ్లు ఏకోఇశా అని తమ బారసాల కూడా ఆరోజే చేసుకుంటారు, పిలిస్తే సంతోషంగా వస్తారు.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి.

మీ తాత సత్యనారాయణ, నేను సూర్యనారాయణ. మా నాన్న అన్నవరం మొక్కుకుంటే అన్నయ్య పుట్టాడు. వాడి పేరుకి అంత ఆలోచించారు, అంత హడావిడి చేశారు. రెండేళ్లకి నేను పుట్టేసరికి మళ్లీ ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు. నారాయణ ఇంట్లో సిద్ధంగా ఉన్నాడు, ముందు అరసవల్లి సూర్యుణ్ణి తగిలించారు. జంటగా పిలవడానికి ఎంత ముచ్చటగా ఉందో అని మా మామ్మ మురిసిపోయిందట. అదిగో, ఇప్పుడు నువ్వు మురిసిపోతున్నట్టే.

ఇంట్లో సత్యం, సూరీడు. గడప దాటితే ఇద్దరం పి.ఎస్. నారాయణలమే. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసింది కదా, ఒడియా కాగితాల్లో నేను సుర్జ్యనారాయణ్‌నయ్యాను. అన్నయ్య తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకానికి జరిమానా నేను కట్టేవాణ్ణి. ఇద్దరం మేష్టర్లమయ్యాక గుణుపురం బదిలీ ఉత్తర్వు వచ్చింది. నాకే అనుకుని ట్రంకుపెట్టె సర్దుకుని బస్సెక్కాను. అక్కడ హెడ్మాష్టరు కాగితం తిరగేసి చూసి, మీరు పుట్టిన తేదీ ఇది కాదే అన్నాడు. అన్నయ్య వెనక బస్సులో దిగాడు. కోపంగా ఉన్న నన్ను బస్టాండు పక్క బండి దగ్గర కూచోబెట్టి, బఠాణీ కూరలో గారెలు వేసిన బరా ఘుగుని రెండు దొన్నెలు తినిపించి, "ఒరే సూరీడూ, నీ సామాను ఎలాగూ వచ్చింది, నువ్వే ఉండిపోరా" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వేశాను.

అన్నయ్య పోయాక జరిగింది నవ్వే విషయం కాదు. మీ మామ్మకి ఫ్యామిలీ పెన్షన్ రావలసిన కాగితం ఎవరి చేతిలోనో తారుమారై నా ఖాతాకి అంటుకుంది. ఆ నెల నా పెన్షన్ పడలేదు. వెళ్లి అడిగితే కిటికీ అవతల కుర్రాడు తెర మీద వేలు పెట్టి, ఈయన కాలం చేశారండీ అన్నాడు. ఎవరు నాయనా అన్నాను. పి.ఎస్. నారాయణ అన్నాడు. ఏటా నవంబరులో ఠంచనుగా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే మనిషిని, ఎదురుగా నిలబడి ఉన్నాను. అయినా కాగితం కావాలన్నారు. నేను బతికున్నానని చెప్పుకోవడానికి మా అన్నయ్య మరణ ధ్రువపత్రం సంచిలో పెట్టుకుని తిరిగాను శ్రీనూ. ప్రతి కిటికీ దగ్గరా "పోయింది సత్యనారాయణ, నేను సూర్యనారాయణ" అని పైకి చెప్పాలి. ఒకాయనకి వినికిడి తక్కువ, గట్టిగా అనమన్నాడు. కర్మల నాడు రాని ఏడుపు ఆ వరండాలో వచ్చింది. తన పెన్షన్ కూడా నడిమధ్య ఆగిపోయి ఉంటే, మీ మామ్మ కొంగు ముడి విప్పి నోట్లు తీసి నా జేబులో కుక్కి, ముందు మందులు కొనుక్కో సూరీడూ అంది. నెలల తరబడి సాగింది ఆ బాధ. మీ నాన్న నీకు ఇదంతా చెప్పి ఉండడు.

ఇప్పుడు నువ్వు పెట్టిన జంట చూడు. సాత్విక్, సాత్విన్. ఇంటిపేరు ఒకటి, తండ్రి ఒకడు, ఇల్లొకటి, తేడా చివరి అక్షరం. పైగా ఇంగ్లీషులో పెద్దాడికి ఒక 'ఏ', చిన్నాడికి రెండు. అన్నదమ్ములకే ఆ మొదటి భాగం వేరువేరుగా రాసి ఉంటే అడిగేవాళ్లకి ఏం చెబుతావు, లెక్క కుదిరిందనా? ఆధార్‌లో పేరు మార్చుకునే వీలు జన్మకి రెండుసార్లే. కాగితాల బాధ అలా ఉంచు. జంట పేరు పెట్టించుకున్న రెండోవాణ్ణి నేను, నన్నడుగు. బడిలో కొత్త మేష్టరు ఎవరొచ్చినా, ఓహో, సత్యం తమ్ముడివా, నీ పేరు కూడా ఏదో నారాయణే కదూ అనేవారు. మా అన్నయ్య మీద నాకు ప్రాణం. అయినా ఆ మాట వినడం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు.

ఒడియాలో ఎలా పలుకుతుందో కూడా చూసుకో. వాళ్లకి మన 'వ' చాలాచోట్ల 'బ' అవుతుంది, 'య' 'జ' అవుతుంది, 'అ' కాస్త 'ఒ'లా వినిపిస్తుంది. విష్ణు బిష్ణు, యుగంధర్ జుగంధర్, అజయ్ ఒజయ్. తప్పు వాళ్లది కాదు, వాళ్ల భాష అంతే. నీ టెన్త్ సర్టిఫికెట్‌లో శ్రీనిబాస్, ఆధార్‌లో శ్రీనివాస్ ఉన్నందుకు పాస్‌పోర్టు కోసం అఫిడవిట్లు పట్టుకుని ఎన్ని గుమ్మాలెక్కావో నీకు గుర్తుండే ఉంటుంది. వీణ్ణి కూడా ఎక్కిస్తావా? పేరు అనుకున్నాక పక్కింటి ఆవిడచేత ఒక కాగితం మీద రాయించు, ఆమె పిల్లలచేత చదివించు. వాళ్ల నోట విన్నప్పుడు నీ చెవికి బాగుంటే సరే.

ఇంటిపేరు ముందా వెనకా అన్నది మర్చిపోకు. మనం ముందు పెడతాం, వాళ్లు వెనక పెడతారు. పెద్దాడి పత్రం తీసి చూసి, అందులో ఎక్కడుంటే చిన్నాడికీ అక్కడే రాయించు. పొడి అక్షరాలొద్దు, అంతా విడమరచి రాయాలి. వరాహగిరి వెంకటగిరి గారు పుట్టింది మన బరంపురంలోనే, 1894లో. రాష్ట్రపతి అంతటివాడు గనక వి.వి. గిరి అంటే దేశమంతా గుర్తుపట్టింది. మనలాంటివాళ్లకి అలా గడవదు.

మరి ఏం పెట్టాలి అంటావు. ఈ సరిహద్దులో మన పెద్దవాళ్లు ఆ చిక్కు తేలిగ్గానే దాటారు. జగన్నాథం, నీలాచలం, లింగరాజు, మహేంద్ర. ఇటు పిలిచినా అటు పిలిచినా మనిషి పలికేవాడు. ఇవి నీకు పాతగా అనిపిస్తాయి, తెలుసు. అవే పెట్టమని నేననడం లేదు.

ఇంతకీ అమ్మాయిని అడిగావా? పెద్దాడి బారసాలలో బియ్యం మీద ఉంగరంతో సత్యనారాయణ అని రాశావు, సాత్విక్ అని పిలుచుకుంటున్నారు, బాగుంది. మొదటివాడికి మన వైపు తాత అయితే రెండోవాడికి తల్లి వైపు తాత అన్నది మన ఆనవాయితీ. ఆమె తండ్రి అప్పారావుగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ పిల్ల నోరు విడిచి అడిగే మనిషి కాదు, పచ్చి బాలింత. నువ్వే అడగాలి. అప్పారావు అని పెట్టలేకపోతే సింహాద్రి అప్పన్న పేరే కదా అది, నరసింహ ఉంది. కోణార్కు కట్టించిన రాజు పేరు కూడా నరసింహుడే, ఒడియావాళ్లకి కొత్తగా ఉండదు. పొట్టిగా కావాలంటే ఇంట్లో సింహా అనుకోండి. అదీ నచ్చకపోతే మీ ఇద్దరూ కూచుని మరోటి వెతకండి. నేను అలగను. 'సాత్' తో మాత్రం మొదలు పెట్టకండి, మా అన్నయ్య మీద ఒట్టు.

పేరు తేలాక తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో మూడు వరసలుగా పెద్ద అక్షరాలతో రాసి ఫొటో పంపు. నేను చూశాకే ఫారం నింపు. బారసాలకి గుణుపురం మీదుగా బస్సులో వస్తాను, కారు పంపకు, నాకు కడుపులో తిప్పుతుంది. మీ చినమామ్మ అమ్మాయికి బాలింత కాయం చేస్తోంది, పొద్దున్నే గోళీ అంత మింగి పైన పాలు తాగమంది. పెద్దాడికి జంతికలు వేరే డబ్బాలో తెస్తాం. ఆ స్టీలు డబ్బాలు రెండూ తిరిగి ఇచ్చెయ్యమని మరీ మరీ చెప్పమంది. పోయినసారి తెచ్చింది మీ ఇంట్లోనే ఉండిపోయిందట.

ఇట్లు
మీ చినతాత