మ్యాథ్స్ డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం పేరేమిటి?

ప్రశ్న: డిగ్రీ మ్యాథ్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రకటనల్లో ఎక్కడా ‘మ్యాథమెటీషియన్ కావలెను’ అని ఉండదు. టీచింగ్ తప్ప దారి లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: ప్రకటనల్లో ఆ మాట ఉండదన్నది నిజమే. దారి లేదన్నది మాత్రం కాదు. లెక్కలు చేసేవాళ్లని బయట వేరే పేర్లతో పిలుస్తారు: యాక్చువరీ, రిస్క్ అనలిస్ట్, డేటా అనలిస్ట్, బయోస్టాటిస్టీషియన్, ఆపరేషన్స్ రీసెర్చ్ అనలిస్ట్. డిగ్రీ పేరుతో కాకుండా ఈ పేర్లతో వెతకండి. టీచింగ్ ఇష్టమైతే అదీ మంచి పనే, గత్యంతరం లేక మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న: యాక్చువరీ అంటే ఇన్సూరెన్స్ కంపెనీలో పద్దులు రాసే పనే కదా?

జవాబు: కాదండీ. పద్దుల్లోకి ఎక్కేది జరిగిపోయిన ఖర్చు. ఇంకా జరగని ఖర్చుకి ఇవాళ ఎంత తీసిపెట్టాలో చెప్పేది యాక్చువరీ.

ఒక లెక్క చూడండి. ఒకే వయసువాళ్లు 1,000 మంది ఏడాది పాలసీ తీసుకున్నారు. ఏడాదిలో చనిపోయే సంభావ్యత ఒక్కొక్కరికి 0.002, చనిపోతే కంపెనీ చెల్లించే పాలసీ మొత్తం 1,00,000. సగటున ఇద్దరు పోతారు కాబట్టి తలా 200 వసూలు చేస్తే చాలనిపిస్తుంది. పాయిజాన్ విభాజనం (అరుదైన సంఘటనలు ఎన్ని జరగొచ్చో చెప్పే సంభావ్యత సూత్రం) వేసి చూస్తే, ముగ్గురు లేదా అంతకు మించి పోయే సంభావ్యత దాదాపు 32 శాతం. అంటే రమారమి మూడేళ్లకోసారి నష్టమే. పాలసీదారులు 1,00,000 మంది అయితే సగటు 200, ప్రామాణిక విచలనం (సగటుకి అటూఇటూ మామూలుగా ఊగే మేర) 14, అంటే సగటులో 7 శాతం. 1,000 మంది దగ్గర అదే 71 శాతం! గుంపు చిన్నదైతే 200 పైన ఎక్కువ కలపాల్సి రావడం ఇందుకే. ఇదంతా ఒకరి చావుకీ మరొకరి చావుకీ సంబంధం లేదనుకుంటేనే. అంటువ్యాధి వచ్చిందంటే ఆ ఊహ కూలుతుంది, అప్పుడు గుంపు ఎంత పెద్దదైనా కాపాడదు.

డిగ్రీ తర్వాత ప్రొఫెషనల్ పరీక్షలు ఒక్కొక్కటే రాయాలి. ఏళ్లు పడుతుంది, చాలామంది ఉద్యోగం చేస్తూనే రాస్తారు. సంభావ్యత, వడ్డీ లెక్కల పేపర్లతో మొదలుపెట్టండి. అమెరికాలోని సొసైటీ ఆఫ్ యాక్చువరీస్ వారి సంభావ్యత పరీక్షలో 3 గంటల్లో 30 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 6 నిమిషాలు. నిరూపణలకి అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడే తడబడుతుంది. గడియారం ముందుపెట్టుకుని సాధన చేయండి.

ప్రశ్న: పైథాన్ నేర్చుకున్నాను. అయినా డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూలు పోతున్నాయి.

జవాబు: బహుశా ఎస్‌క్యూఎల్ దగ్గర, అంటే డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష దగ్గర. ఒక కస్టమర్‌కి ఆర్డర్ల టేబుల్‌లో 3 వరుసలు, చెల్లింపుల టేబుల్‌లో 2 వరుసలు ఉన్నాయనుకోండి. కస్టమర్ నంబర్ మీద రెండు టేబుళ్లనీ జాయిన్ చేస్తే (కలిపితే) ప్రతి ఆర్డరూ ప్రతి చెల్లింపుతో జతకట్టి 6 వరుసలొస్తాయి. ఇప్పుడు చెల్లింపులు కూడితే అసలుకి మూడింతలు! ఎర్రర్ ఏదీ రాదు, అదే ప్రమాదం. ముందు రెండు టేబుళ్లనీ గ్రూప్ బై పెట్టి కస్టమర్‌కి ఒక్క వరుసకి తెచ్చి, ఆ తర్వాతే జాయిన్ చేయాలి. ముందూ వెనకా వరుసలు లెక్కపెట్టుకోవాలి. సమితుల్లో చదివిన కార్టీజియన్ లబ్ధమే ఇది. ఇంటర్వ్యూలో ఆ మాట అంటే మీ డిగ్రీ అక్కరకొచ్చినట్టే.

ప్రశ్న: నాకు నంబర్ థియరీ, ఆల్జీబ్రా అంటే ప్రాణం. వాటితో ఏం చేయాలి?

జవాబు: క్రిప్టోగ్రఫీ చూడండి, అంటే సమాచారాన్ని ఇతరులు చదవలేని రహస్య సంకేతాలుగా మార్చే విద్య. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ అనే సంకేత పద్ధతికి బలం, పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్నదే. క్వాంటం కంప్యూటర్లకి తట్టుకోవాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఖరారు చేసిన ఎంఎల్-కెమ్ (రహస్య కీని పంచుకునే పద్ధతి) లాటిస్‌ల మీద, అంటే క్రమంగా పేర్చిన బిందువుల జాలకాల మీద నిలిచింది. పరిశోధన వైపైతే పీజీ, పీహెచ్‌డీ తప్పవు. డిగ్రీతోనే వెళ్లాలంటే కోడ్ రాసే, పరీక్షించే వైపు వెళ్లండి. సీ లేదా రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష రావాలి. అక్కడ లెక్క సరిపోతే చాలదు. రహస్య కీలో బిట్ 1 అయినప్పుడు మాత్రమే అదనంగా ఒక గుణకారం చేసే కోడ్ జవాబు సరిగ్గానే ఇస్తుంది. కానీ దానికి పట్టిన సమయాన్ని బయటినుంచి కొలిచినవాడు కీని రాబట్టగలడు.