కడపలో బ్రౌన్ గ్రంథాలయం చుట్టుపక్కల ఇల్లు కొనవచ్చా?

మీకు ఇంటి నుంచే పని చేసుకునే ఉద్యోగం, కథలు రాసే అలవాటు ఉన్నాయి. ఆ గ్రంథాలయం ఉన్న ఎర్రముక్కపల్లి వైపు సాహిత్య వాతావరణం ఉందని విని అక్కడ ఇల్లు కొనాలనుకుంటున్నారు. మేం ఆ చుట్టుపక్కలే చాన్నాళ్లు అద్దెకుండి, తర్వాత ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. నేనైతే వాతావరణం కోసమని ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దంటాను. గ్రంథాలయం నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే చాలు. పక్క వీధిలో ఉన్నా అవే సభలు, అవే మనుషులు.

ఈ చోటికి సాహిత్యపు పేరు రావడానికి కారణం సి.పి. బ్రౌన్. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, తోటతో సహా బంగళా కొని, జీతాలిచ్చి పండితుల్ని పెట్టుకుని పాత కావ్యాల ప్రతులు పరిష్కరింపజేశాడు. ఆ బంగళా శిథిలమైన చోటే ఇప్పుడున్న బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం కట్టారు. దానికోసం రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలకు ఎంత తిరిగారో ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ప్రస్తుతం అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడి సాహిత్య సభలకు కార్డు మీద ఆరు గంటలని వేస్తారు, ఏడుకు మొదలైతే సంతోషం. నాకైతే సభకన్నా అదయ్యాక గేటు దగ్గర నిలబడి మాట్లాడుకునే మాటలే ఇష్టం. ఎవరి కథ బాగాలేదో అక్కడే తెలుస్తుంది! ఇది కాక ఉరుసు రోజుల్లో పెద్దదర్గాలో ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం), ఖవ్వాలీ ఉంటాయి. 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చాక బొమ్మలు వేసే పిల్లలు కూడా ఊళ్లో కనిపిస్తున్నారు. బెంగళూరులోలా గ్యాలరీలు, కాఫీ షాపులు వీధికొకటి ఉంటాయనుకుంటే మాత్రం కష్టం.

ఇక ఇంటి సంగతి. అపార్ట్‌మెంటా, పాత ఇండిపెండెంట్ ఇల్లా అంటే నా ఓటు పాత ఇంటికే. కడప బండలు పరిచిన నేల మీద ఎండాకాలం మధ్యాహ్నం చాప వేసుకుని పడుకుంటే తెలుస్తుంది ఎందుకో. కానీ మోజులో పడి పైకప్పు చూడటం మరిచిపోవద్దు. బండల మిద్దె అయితే అతుకుల దగ్గర వాన నీళ్లు దిగుతాయి. సున్నం కొత్తగా కొట్టించి ఉంటే ఇంకా అనుమానించండి, మరకలు దాని కిందే ఉంటాయి. వంటింటి గట్టు కూడా కడప రాయే అయితే నిమ్మకాయ పిండిన చోటల్లా తెల్లటి మచ్చలుంటాయి. అది సున్నపురాయి కదా, పులుపు పడితే తింటుంది. దానికి భయపడక్కర్లేదు, నూనె గుడ్డతో తుడిస్తే సగం కనిపించదు.

అసలు టెన్షన్ కాగితాల దగ్గర. ఇక్కడి పాత ఇళ్లు చాలావరకు తాతల ఆస్తి. ఒక వారసుడు మనతో బేరం మాట్లాడతాడు, ఒకరు హైదరాబాదులో ఉంటారు, ఇంకొకరు కువైట్‌లో. మేం కొన్న ఇంటాయన "మా చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేసినాం సార్, ఆమె సంతకం ఎందుకు?" అన్నాడు. ఎందుకంటే హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది. రేపు ఆమె పిల్లలు కోర్టుకెళితే తిరగాల్సింది మనం. ఆమె సంతకం పెట్టేదాకా మేం అడ్వాన్సు ఇవ్వలేదు. కువైట్‌లో ఉన్న తమ్ముడేమో అక్కడి మన ఎంబసీలో అటెస్ట్ చేయించి పవర్ ఆఫ్ అటార్నీ పంపాడు. అలాంటి పత్రం ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, అది తప్పిందంటే మళ్లీ తిప్పలే. లింకు డాక్యుమెంట్లు (ఆ ఇంటి పాత దస్తావేజులు), ఈసీ (ఇంటి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) లాయరుకు చూపించండి. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, లేదని రూఢి చేసుకోండి. దేవుడి మాన్యాలు, వక్ఫ్ భూములు ఉన్న ఊరిది. "అంతా క్లియర్ సార్" అనే బ్రోకరు మాట పక్కన పెట్టండి. రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి ఏడున్నర శాతం దాకా అవుతాయి, దాన్ని బేరంలోనే లెక్కేసుకోండి. పాత ఇంటికి ప్లాన్ అప్రూవల్ లేకపోతే బ్యాంకు లోను దగ్గర నసుగుతుంది, ముందే అడగండి.

ఊళ్లోంచి పారే బుగ్గవంక వాగు పక్కన ఇల్లు చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే మాత్రం ఆగండి. 2001లో, మళ్లీ 2020 నవంబరులో నివర్ తుపానప్పుడు వంక ఊళ్లోకొచ్చింది. ఆ వీధిలో ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది.

వీలైతే ముందు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అద్దెకుండండి. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో, బోరు మే నెలలో ఏం చేస్తుందో తెలుస్తుంది. ఆఫీసు కాల్స్ కోసం వీధి వైపు గది తీసుకోకండి. పెళ్లిళ్ల సీజన్లో బ్యాండు మొదలైతే మీ మేనేజరుకు కూడా వినిపిస్తుంది.