ఆ ఫొటో కత్తిరించకండి

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లెటూరు. నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. పుట్టుకతోనే ఎడమ కాలు సన్నం, చంక కర్ర లేనిదే నడవలేను. నాకు మగవాళ్లంటేనే ఇష్టం. కాలేజీలో నాలాంటి వికలాంగ స్నేహితుల మధ్య ‘గే’ అనే మాట వస్తే వెకిలిగా నవ్వుతారు. ఆన్‌లైన్‌లో పరిచయమైన గే కుర్రాళ్లకు మైపాడు బీచ్‌లో దిగిన ఫొటో, కర్ర కనపడకుండా కత్తిరించి పెట్టాను. నిజం చెప్పగానే ఒకతను ‘అయ్యో పాపం’ అని మాట్లాడటం మానేశాడు. ఇంట్లో అమ్మేమో ‘నీ కాలు చూసి కూడా మీ మామ పిల్లనిస్తానంటున్నాడు’ అంటోంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ ఫొటో దగ్గర ఆగిపోయాను. కాలేజీలో మనసు దాస్తున్నారు, ఫోన్‌లో కర్ర దాస్తున్నారు. రోజంతా ఏదో ఒకటి దాచుకుని తిరిగితే చుట్టూ ఎంతమంది ఉన్నా ఒంటరిగానే ఉంటుంది. కత్తిరించని ఫొటో మీ ఫోన్‌లో ఇంకా ఉండే ఉంటుంది. అదే పెట్టండి. పలకరించేవాళ్లు తగ్గుతారు, కొన్నాళ్లు బాధేస్తుంది. కానీ మిగిలినవాళ్లతో ‘ఎప్పుడు చెప్పాలి’ అనే టెన్షన్ ఉండదు.

కాలేజీలో అందరికీ చెప్పనక్కర్లేదు. నవ్వకపోతే తమనే అనుమానిస్తారన్న భయంతో నవ్వేవాళ్లూ ఉంటారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం మీలాగే క్యూలో నిలబడి మాటలు పడ్డవాళ్లు కదా, వాళ్లలో కడుపులో మాట దాచుకోగల ఒక్కరిని చూసుకోండి. ముందు వేరెవరి సంగతో అన్నట్టు కదిపి చూడండి.

‘నీ కాలు చూసి కూడా’ అన్న మాట నాకూ గుచ్చుకుంది. అమ్మకు ప్రేమ లేక కాదు, మీకు పిల్ల దొరకదేమోనన్న దిగులు అది. అయినా ఆ రుణం తీర్చుకోవడానికి పెళ్లికి ఒప్పుకోకండి. మీ మామ కూతురి బతుకూ అందులో ఉంది. ఫీజులు ఇంటి నుంచే వస్తున్నాయి కాబట్టి అసలు సంగతి ఇప్పుడే చెప్పమనను. ‘పీజీ అయ్యేదాకా పెళ్లి మాట ఎత్తొద్దు’ అనండి, నిజంగానే పీజీకి ప్రయత్నించండి. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు మీలాంటివారికి ఇవ్వాలి.

రేపు ఇంట్లో తెలిసి, డాక్టరు దగ్గర మార్పిస్తామంటే లొంగకండి. ఇది జబ్బు కాదు. మార్చే చికిత్స చేయడం వైద్యవృత్తికే విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. 2018 సెప్టెంబరు 6న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుతో మగవాళ్లను ఇష్టపడటం నేరం కూడా కాదు.

రాత్రిళ్లు మరీ గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.