కమిటీలో మైకు మాట ఎత్తే ముందు

అమ్మాయీ,

వందనాలు. మీ చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీకి ఎన్నికయ్యావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మొదటి మీటింగులోనే గొడవైందని కూడా చెప్పింది. మల్కాజిగిరిలో మీ మందిరం పక్క కాలనీవాళ్లు మైకు గురించి ఉత్తరం ఇస్తే, "ఇవి శ్రమల దినాలు, మనం తగ్గకూడదు" అన్నారట పెద్దలు, అంటే విశ్వాసం కోసం హింస పడే రోజులని. తగ్గిద్దామన్నందుకు నీకు విశ్వాసం చాలదన్నారట. సికింద్రాబాద్‌లో పద్దెనిమిదేళ్లు కమిటీ సెక్రటరీగా చేసినవాణ్ని. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఒక ఏడాది మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు, అంటే ప్రత్యేక ప్రార్థన సభలు, పెట్టాం. రెండో రోజు సాయంత్రం గోడ అవతలి ఇంటావిడ వచ్చింది. ఆపరేషన్ అయిన అత్తగారిని నిన్ననే ఇంటికి తెచ్చామని, తమ వైపున్న హారన్ స్పీకర్లు కాస్త తిప్పించమని అడిగింది. "ఆమె కోసం స్టేజీ మీద ప్రార్థన చేయిస్తాం, మీరూ రండి" అన్నాను. హారన్లు మాత్రం తిప్పించలేదు. ఆవిడ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మర్నాడు పోలీసులు వచ్చారు. కమిటీలో లేచి ఇది శ్రమ అన్నది నేనే. అందరూ ఆమేన్ అన్నారు. అంతకుముందు ప్రతి క్రిస్మస్‌కీ ఆ ఇంటికి కేకు తీసుకెళ్లేవాళ్లం. ఆ డిసెంబరులో వెళ్తే తలుపు తియ్యలేదు. ఆ మూసిన తలుపు నాకింకా గుర్తే.

పేతురు మొదటి పత్రిక నాలుగో అధ్యాయం మళ్లీ చదువు. క్రైస్తవుడైనందుకు బాధ పడితే సిగ్గుపడొద్దని 16వ వచనంలో ఉంది. దాని ముందు వచనంలో నరహంతకుడు, దొంగలతో పాటు పరుల జోలికి పోయేవాణ్ని కూడా చేర్చాడు పేతురు. వాళ్లలా బాధ పడొద్దన్నాడు. నేనేమో 16 ఒక్కటే పట్టుకున్నాను.

సుప్రీంకోర్టు తీర్పులు రెండున్నాయి, పెద్దలకు అవి చెప్పు. 1986లో కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లల కేసు. జాతీయ గీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ, మనస్సాక్షి ఒప్పుకోక పాడలేదు. బడి నుంచి తీసేస్తే కోర్టు ఆ పిల్లల పక్షాన నిలిచింది. 2000లో మద్రాసులో ఒక చర్చి మీద కాలనీవాళ్లు వేసిన కేసు. పక్కవాళ్ల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని, మైకులూ డప్పులూ పెట్టమని కూడా చెప్పదని కోర్టు తేల్చింది. పిల్లల మనస్సాక్షిని కాపాడిన కోర్టే మన హారన్లను కాపాడలేదు. కమిటీలో నువ్వు చెప్పాల్సిన తేడా ఇదే.

ఎలా చెప్పాలంటే, వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకు. శనివారం పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లి నెమ్మదిగా మాట్లాడు. ఆదివారం ఆరాధన జరుగుతుండగా ఇద్దరు పెద్దల్ని కాలనీ రోడ్డు మీదికి తీసుకెళ్లి ఐదు నిమిషాలు నిలబెట్టు. నువ్వు గంట వాదించినా రాని మార్పు అక్కడ వస్తుంది. రూల్స్ కూడా తెలుసుకో. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట మైకు వాడకూడదు. మిగతా వేళల్లోనూ రాతపూర్వక అనుమతి కావాలి. తీర్మానం కాగితం మీద రాసి ఇవ్వు, బలపరిచేవాళ్లను ముందే అడిగిపెట్టుకో, మినిట్స్‌లో ఎక్కేదాకా లేవకు. ఆడపిల్లవని మాట మధ్యలో తుంచేస్తారు. ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పు.

ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన సంగతి తప్పకుండా వస్తుంది. మగ్దలేనే మరియ ఇంకా చీకటి ఉండగానే యేసు సమాధి దగ్గరికి వెళ్లింది. ఆ వేళ మైకు లేకుండా కీర్తన పాడితే ఎంత బాగుంటుందో ఒక్కసారి పాడి చూడండి. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాటలను మన పూర్వీకులు మైకుల్లేని రోజుల్లోనే నేర్చుకున్నారు.

"వేరే మతాలవాళ్ల మైకుల సంగతేంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. చట్టం అందరికీ ఒకటే. మన ఒక్కరి మీదే అమలు చేస్తే అర్జీ పెడదాం, నేనూ సంతకం చేస్తాను. ముందు మన మైకులు దించుదాం.

ఒకటి మాత్రం మర్చిపోకు. రేపు ఎవరైనా వచ్చి ఇంట్లో ప్రార్థన ఆపమన్నా, బైబిలు లాక్కున్నా అక్కడ మెత్తబడకు. అది రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు. అరవకుండా, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకో. లాయరును వెంట తీసుకెళ్లు, నన్నూ పిలువు.

కాలనీవాళ్ల ఉత్తరానికి జవాబు పోస్టులో పంపొద్దు. అయ్యగారూ నువ్వూ కలిసి వెళ్లి ఇవ్వండి. వాళ్లలో జబ్బుపడ్డవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు ఎవరున్నారో అడిగి రండి. వెళ్లొచ్చాక ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ మామయ్య