మిషన్ సందేహాలు: చెయిన్ రంపానికి ఆముదం పోయొచ్చా?

ప్రశ్న: మాది దుగ్గిరాల దగ్గర పల్లె. కాలువ గట్టున పడిపోయిన తుమ్మ చెట్లు కోయడానికి చెయిన్ రంపం కొన్నాను. చెయిన్‌కి ట్రాక్టర్‌లోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పోస్తున్నాం. నీళ్ల మీద ఆ తెట్టు చూస్తుంటే మనసొప్పడం లేదు. బదులుగా ఆముదం పోయొచ్చా? నీళ్లు తోడే డీజిల్ ఇంజన్‌లో కూడా వాడొచ్చా? – ఒక రైతు

జవాబు: చెయిన్‌కి నిక్షేపంగా వాడండి. ఇంజన్‌లో మాత్రం చుక్క కూడా పోయకండి.

చెయిన్‌కి పోసిన నూనె మళ్లీ ట్యాంకులోకి రాదు. బార్ (చెయిన్ చుట్టూ తిరిగే ఇనుప పట్టీ) చివర నుంచి చిమ్మి, రంపప్పొట్టుతో కలిసి నేలలో ఇంకుతుంది. అంటే ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ అదంతా మీ గట్టులోకి పోయినట్టే. పాత ఇంజన్ ఆయిల్‌లో అరిగిన లోహప్పొడి, కాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. ఆ తుంపర మీ చేతుల మీదా పడుతుంది, దయచేసి ఇవాళే మానేయండి. ఆస్ట్రియాలో 1990ల మొదట్లోనే రంపం చెయిన్లకు మినరల్ ఆయిల్‌ని (ముడి చమురు నుంచి తీసిన నూనెని) నిషేధించారు. ఆముదమైతే మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి.

ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. అందుకే అంత చిక్కన, ఇనుమును అంతగా అంటిపెట్టుకుంటుంది. ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దలు పెట్టిన కందెనలో ఉన్నదీ ఆముదమే. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు కూడా దీంతోనే ఎగిరాయి.

'మరి నా ఇంజన్‌కేం?' అంటారేమో. ఆ విమానాల్లో నూనె ఎప్పటికప్పుడు పొగతో బయటికి పోయేది. మీ ఇంజన్‌లో అదే నూనె గంటల తరబడి వేడిలో తిరుగుతూ, గాలి తగిలి బంకవుతుంది. ఆటోనగర్‌లో మా షెడ్డుకు అలాంటి ఇంజన్ ఒకటి వచ్చింది. పిస్టన్ రింగులు గాడుల్లో అతుక్కుపోయి ఉన్నాయి. వాటి చుట్టూ గోధుమరంగు పొర, గోరుతో గీకినా రాలేదు. ఉన్న ఆయిల్‌లో కొంచెం కలుపుదామనీ అనుకోవద్దు. ఆముదం మినరల్ ఆయిల్‌తో సరిగా కలవక అడుక్కి దిగుతుంది.

చలికాలం పొద్దున్నే ఆముదం రంపంలోని నూనె పంపులోంచి సరిగా రాదు. అప్పుడు కొంచెం వేరుశనగ నూనె కలిపి పలచన చేసుకోండి. పొద్దుతిరుగుడు, అవిసె నూనెలు వద్దు, అవి త్వరగా జిగురు కడతాయి. రంపాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టేటప్పుడు చెయిన్ నూనె ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ బాగా చల్లారాక చెయిన్‌ని, బార్ గాడిని స్పిరిట్‌తో తుడవండి. కిరసనాయిలుకు ఆముదం సరిగా వదలదు.