పధ్నాలుగేళ్లకు ఆలస్యమేమీ కాలేదండీ

అమెరికాలో షార్లెట్‌లో ఉంటున్నాం, మావాడికి పధ్నాలుగేళ్లు, ఐరేసింగ్ (కంప్యూటర్‌లో కారు రేసులు నడిపే సిమ్యులేటర్) తప్ప నిజం కారు ముట్టుకోలేదు, నాస్కార్ (అమెరికాలో పెద్ద కారు రేసింగ్ పోటీలు) అంటున్నాడు, ఆలస్యమైపోయిందా అని అడిగారు కదా. కాలేదు. మీ ఊరివాడే, నాస్కార్ డ్రైవర్ విలియం బైరన్‌ను చూడండి. తోటివాళ్లు చిన్నప్పటి నుంచే గో కార్ట్‌లు తోలుతుంటే, అతను కంప్యూటర్ ముందు నేర్చుకుని టీనేజ్‌లోకి వచ్చాక గానీ లెజెండ్స్ అనే చిన్న రేసు కారెక్కలేదు. 2015లో నాస్కార్ ప్రాంతీయ సిరీస్ కె అండ్ ఎన్ ఈస్ట్‌లో ఛాంపియన్. 2016లో నాస్కార్ మూడో మెట్టైన ట్రక్ సిరీస్‌లో ఏడు రేసులు గెలిచి, ఫీనిక్స్ రేసులో ముందు నడుస్తుండగా ఇంజన్ పోయి టైటిల్ అవకాశం చేజారినా, మరుసటి ఏడాదే రెండో మెట్టైన ఎక్స్‌ఫినిటీ సిరీస్‌లో ఛాంపియన్ అయ్యాడు. 2018లో అన్నిటికంటే పై మెట్టైన కప్ సిరీస్‌లో హెండ్రిక్ టీమ్ 24వ నంబర్ కారు దొరికింది. అయినా కప్‌లో మొదటి గెలుపుకి 2020 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది, ఆ తర్వాత నాస్కార్‌లో అన్నిటికంటే పేరున్న రేసు డేటోనా 500ని 2024, 2025లో రెండుసార్లూ అతనే గెలిచాడు.

మీవాడినీ అలాగే నేరుగా పైకి పంపాలని తొందరపడకండి. ముందు లెజెండ్స్ కారు. చిన్న బాడీ, మోటార్‌సైకిల్ ఇంజన్, మలుపులో యాక్సిలరేటర్ కాస్త ముందుగా తొక్కితే వెనక చక్రాలు జారిపోతాయి, ఆ జారడం సీటులో కూర్చున్నవాడికి నడుముకి తెలుస్తుంది, ఐరేసింగ్‌లో అది ఉండదు. వయసు గురించి టెన్షన్ వద్దు, చిన్న ట్రాక్‌లలో ట్రక్ సిరీస్‌కే 16 నిండాలి, కప్‌కి 18.

అసలు సమస్య డబ్బు. బైరన్‌కి లిబర్టీ యూనివర్సిటీ స్పాన్సర్‌గా నిలబడింది, అందరికీ అలా దొరకదు. కారు కొనేముందు షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో పావు మైలు ట్రాక్ మీద జరిగే సమ్మర్ షూటౌట్ అనే రేసు పోటీలకి బాబుని తీసుకెళ్లి, అక్కడ పిల్లల్ని నడిపిస్తున్న తల్లిదండ్రులను టైర్లకి, రిపేర్లకి సీజన్‌కి ఎంతవుతుందో మొహమాటం లేకుండా అడగండి.