ఉద్యోగం మానేసే ముందు ఒకసారి గొల్లపల్లి వెళ్ళు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

డిప్లొమా చేతికొచ్చింది, ఇక ఉద్యోగం మానేసి వీణే పట్టుకుంటానని రాశావు. మీ అమ్మ టెన్షన్ సంగతి నేను చూసుకుంటాను. వీణతో బతకలేమని నేననను గానీ, కచేరీలతోనే బతుకుతానంటే ఒప్పుకోను. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారంతటి వారు జెమినీ స్టూడియోలో పనిచేశారు, తర్వాత ఆకాశవాణిలో. వీణ చిట్టిబాబు గారు కూడా ఏళ్ళ తరబడి సినిమా పాటలకి వాయించాకే పూర్తిగా కచేరీలకి వచ్చారు. కాబట్టి ముందు నలుగురు పిల్లలకి పాఠం మొదలుపెట్టు. రేడియో ఆడిషన్‌కి తయారవ్వు. పెళ్ళి రిసెప్షన్‌లో వాయించమంటే చిన్నతనం అనుకోకు, డబ్బు మాత్రం ముందే మాట్లాడుకో.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. మన విజయనగరంలో 1919 నుంచీ సంగీత కళాశాల ఉంది, వీణ నేర్చినవాళ్ళకి కొదవా? తన వీణ తను చూసుకోగలిగినవాళ్ళే తక్కువ. ఎండాకాలం మెట్లని, అంటే తీగ నొక్కే కమ్మీలని, పట్టి ఉంచే మైనం మెత్తబడి మెట్టు ఒక వెంట్రుకవాసి కదిలినా నీ గాంధారం అపస్వరమే. తప్పు వేలిదనుకుని సాధన చేసి చేసి విసిగిపోతావు.

శ్రుతి చేసుకున్నాక సారణి (మొదటి తీగ) మీద పన్నెండో మెట్టు దగ్గర తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటి చూడు. తర్వాత నొక్కి మీటు. రెండుసార్లూ ఒకే తారషడ్జం (పై స) పలకాలి. పంచమం తీగని అయిదో మెట్టు మీద నొక్కి మీటితే, ఏ మెట్టూ నొక్కని ఖాళీ సారణితో కలవాలి. కలవకపోతే మెట్టు చెడిందన్నమాట. గమకాలకి, అంటే స్వరాన్ని ఊగించడానికి, తీగ లాగి లాగి మెట్టు మీద గాడి పడితే జర్రుమంటుంది, అది కూడా చూసుకో.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళ దగ్గర రెండు రోజులు కూర్చో. పనసచెక్క ఒకే దుంగలో తొలిచే పని చూడు. బహుమతుల కోసం చేసే బుల్లి వీణలు చూసి మురిసిపోతూ కూర్చోకు. మైనం ఎంత కాగాలో, మెట్టుని ఎలా ఆనించి శ్రుతికి నిలబెడతారో దగ్గరుండి నేర్చుకో. నేర్పినందుకు ఎంతో కొంత ఇచ్చి రా, ఉత్తినే అడగకు.

ఉద్యోగం మాత్రం ఆ పాఠాల డబ్బు ఇంటి అద్దెకి సరిపోయేదాకా వదలొద్దు. పొద్దున్నే ఆఫీసుకి ముందు గంటన్నర చాలు, ఆ గంటన్నరలో ఫోను పక్క గదిలో పెట్టు. దసరాకి వచ్చేటప్పుడు నీ వీణ తీసుకురా, మెట్లు ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ